రెండు ఫీజు పట్టికలు: ఓపెన్ యూనివర్సిటీ, ఆన్‌లైన్ డిగ్రీ

ఏలూరు నుంచి కైకలూరు దాకా, అటు ఆకివీడు దాకా ఏ ఊళ్లో కదిలించినా డిగ్రీ సగంలో ఆపేసినవాళ్లు ఒకరో ఇద్దరో తగులుతారు. చేపల చెరువు మీద మేత లెక్క రాసే కుర్రాడు, తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్లో గుమాస్తా, రెండో ఏడాదిలో పెళ్లయి కొల్లేటి లంక ఊరికి కాపురానికొచ్చిన అమ్మాయి. మళ్లీ చదువుదామనుకుంటే వీళ్ల ముందు రెండు దారులున్నాయి. ఒకటి మనకు నలభై ఏళ్లుగా తెలిసిన ఓపెన్ యూనివర్సిటీ చదువు. రెండోది ఫోన్లో మొదలై ఫోన్లోనే సాగే ఆన్‌లైన్ డిగ్రీ. పాఠం ఎక్కడ బాగుంటుంది, పరీక్ష ఎక్కడ కష్టం అన్న చర్చ చాలానే జరిగింది. ఫీజు పట్టికలను పక్కపక్కన పెట్టి చదివినవాళ్లు మాత్రం అరుదు. ఒక సంస్థ తన విద్యార్థిని ఎవరనుకుంటోందో ఆశయ ప్రకటన కంటే ఫీజు పట్టికే నిజంగా చెబుతుందని నా నమ్మకం. అందుకే ఈ రెండింటినీ రెండు రచనలను చదివినట్టే చదువుతాను. రెండింటి మీదా నాకు మమకారమే.

మొదటిదాని వంశం మనకు తెలిసిందే. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1972లో కరెస్పాండెన్స్ కోర్సులు మొదలుపెట్టింది. 1982 ఆగస్టు 26న ఆంధ్రప్రదేశ్ ఓపెన్ యూనివర్సిటీ పుట్టింది. దేశంలో ఆ తరహా వర్సిటీ అదే మొదటిది. 1969లో బ్రిటన్‌లో మొదలైన ఓపెన్ యూనివర్సిటీ దానికి ఆదర్శం. తొలి వైస్ ఛాన్సలర్ జి. రాంరెడ్డి. 1985లో ఢిల్లీలో జాతీయ ఓపెన్ యూనివర్సిటీ ఇగ్నో పెడితే దానికీ ఆయనే తొలి వైస్ ఛాన్సలర్ అయ్యారు. మన వర్సిటీకి 1991లో డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరు పెట్టారు. ఇంటర్ చదవనివాళ్లను కూడా అర్హత పరీక్ష పెట్టి డిగ్రీలో చేర్చుకోవడం, తెలుగులో మంచి పాఠ్యపుస్తకాలు రాయించడం ఆ సంస్థ చేసిన రెండు గొప్ప పనులు. ఈ రోజుకీ గ్రూప్స్ రాసేవాళ్లు ఆ పుస్తకాలను వెతికి మరీ కొనుక్కుంటారు.

రెండోదాని వయసు చిన్నది, వంశం మాత్రం అదే. 2017లో కేంద్రం ఆన్‌లైన్ పాఠాల వేదిక ‘స్వయం’ను తెచ్చింది. 2020 సెప్టెంబరులో యూజీసీ దూరవిద్యకూ ఆన్‌లైన్ చదువుకూ కలిపి ఒకే నిబంధనావళి ఇచ్చింది. ఆ ఏడాదే ఐఐటీ మద్రాసు డేటా సైన్స్‌లో ఆన్‌లైన్ డిగ్రీని ప్రకటించింది. 1972లో పోస్టులో పాఠాలు పంపిన ఆంధ్ర విశ్వవిద్యాలయం ఇప్పుడు ఆన్‌లైన్ కోర్సులూ నడుపుతోంది. గుర్తింపు ఉన్న విశ్వవిద్యాలయం దూరవిద్యలో ఇచ్చినా, ఆన్‌లైన్లో ఇచ్చినా, ఆ డిగ్రీ కాలేజీకి వెళ్లి తెచ్చుకున్నదానితో సమానమని యూజీసీ 2022 సెప్టెంబరులో మరోసారి స్పష్టం చేసింది. కాబట్టి ఇవి ఒకే ఇంటి అన్నదమ్ములు. పెంపకంలో తేడా వచ్చింది, ఆ తేడా డబ్బు దగ్గర బయటపడుతుంది.

పాత ప్రాస్పెక్టస్ తీసి చూడండి. ఫీజులకు ఒక పేజీ. కోర్సు పేరు, ఏడాదికి ఇంత, రిజిస్ట్రేషన్‌కు ఇంత, పరీక్షకు పేపరుకు ఇంత, గడువు దాటితే ఇంత. అలంకారం లేదు, ఊరించడం లేదు. గుమాస్తా రాసిన భాష. ఇది కొందరికి పొడిగా అనిపిస్తుంది, నాకు మాత్రం ఇందులో ఒక మర్యాద కనిపిస్తుంది. కలెక్టరు కొడుకైనా కావిడి మోసేవాడి కొడుకైనా ఆ పట్టికలో ఒకటే అంకె చూస్తాడు. తగ్గింపు ఉంటే అది నియమంగా ఉంటుంది. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు కొన్ని కోర్సుల్లో ఇగ్నో ఇచ్చే ఫీజు మినహాయింపు అలాంటిదే. అర్హత ఉంటే దొరుకుతుంది, లేకపోతే లేదు. ఎవరినీ బతిమాలక్కర్లేదు, ఎవరూ ఫోన్ చేసి ఈ రాత్రి పన్నెండు లోపు అని తొందరపెట్టరు.

కాగా ఆన్‌లైన్ డిగ్రీ ఫీజు పేజీ మాట్లాడే తీరు వేరు. పైన ఒక పెద్ద అంకె, దాని మీద అడ్డగీత, పక్కన చిన్న అంకె. సెమిస్టరుకు కడితే ఇంత, ఏడాదికి కడితే ఇంత తగ్గుతుంది, మొత్తం ఒకేసారి కడితే ఇంకా తగ్గుతుంది. సైన్యంలో పనిచేసినవాళ్లకు, దివ్యాంగులకు, పాత విద్యార్థులకు వేరే శాతాలు. నెలవారీ వాయిదాలు ఇంత నుంచి మొదలు. ఇన్ని తలుపులు తెరవడాన్ని నేను తప్పుపట్టను. పాత పట్టిక అందరినీ ఒకే మనిషిగా చూసింది. దాని సమానత్వంలో ఒక గుడ్డితనం కూడా ఉంది, ఎందుకంటే నెల జీతం వచ్చే టీచరుకూ చేపల పట్టుబడి రోజున మాత్రమే డబ్బు చూసే చెరువు కౌలుదారుకూ ఒకే గడువు పెట్టింది. కొత్త పట్టిక మనిషికొక దారి ఉందని ఒప్పుకుంటుంది. అయితే ఆ దారుల్లో ఏది తనదో తేల్చుకునే భారం పూర్తిగా విద్యార్థి మీదే వేస్తుంది.

అన్ని ఆన్‌లైన్ డిగ్రీలనూ ఒకే గాటన కట్టడం కూడా న్యాయం కాదు. ఐఐటీ మద్రాసు పద్ధతి చూడండి. ఏడాదికి మూడు టర్ములు: జనవరి, మే, సెప్టెంబరు. ఆ టర్ములో ఎన్ని కోర్సులు తీసుకుంటే వాటి క్రెడిట్లకే ఫీజు. కుటుంబ ఆదాయం, సామాజిక వర్గం, వైకల్యం చూసి 75 శాతం దాకా మాఫీ ఉంది. మధ్యలో ఆగినా సర్టిఫికెట్‌తోనో డిప్లొమాతోనో బయటికి రావచ్చు. పరీక్షలు మాత్రం కేంద్రానికి స్వయంగా వెళ్లి రాయాలి. ఇది ఫోన్లో పుట్టిన చదువే అయినా దీని ఫీజు నీతి పాత ఓపెన్ యూనివర్సిటీదే. నియమం ముందే రాసి ఉంటుంది, అర్హతను బట్టి తగ్గింపు వస్తుంది. ఒక్క తేడా బాధ పెడుతుంది. పాత వర్సిటీ తెలుగులో చదివించింది, ఇది ఇంగ్లీషులో నడుస్తుంది. మాఫీ 75 శాతం ఉన్నా భాష దగ్గర ఆగిపోయే పిల్లలు మన లంకల్లో ఉన్నారు.

ఆ మాఫీ తెచ్చుకోవడానికి కాగితాలు కావాలి. మన రాష్ట్రంలో చాలా పథకాలకు రైస్ కార్డు చూపిస్తే ఆదాయం రుజువైనట్టే. జాతీయ సంస్థలకు అది చాలదు. తహశీల్దారు ఇచ్చిన ఆదాయ ధ్రువపత్రం, ఓబీసీ అయితే కేంద్రం నమూనాలో నాన్ క్రీమీలేయర్ పత్రం, ఈడబ్ల్యూఎస్ అయితే ఆ ఏడాదికి చెల్లే పత్రం అడుగుతారు. సచివాలయంలో దరఖాస్తు పెట్టేటప్పుడే ఏ నమూనా కావాలో చెప్పాలి. లేకపోతే రాష్ట్రం నమూనాలో పత్రం వస్తుంది, అది చెల్లదని తెలిసేసరికి ఫీజు గడువు దాటిపోతుంది. ఫీజు కట్టే వారం కాకుండా రెండు నెలల ముందే ఈ కాగితాలు చేతిలో ఉండాలి.

తగ్గింపుల్లో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఇగ్నో ఇచ్చేది. అచ్చు పుస్తకాలు వద్దు, డిజిటల్ మెటీరియల్ చాలు అని రాసిచ్చిన విద్యార్థికి ప్రోగ్రాం ఫీజులో 15 శాతం తగ్గిస్తారు. ఓపెన్ యూనివర్సిటీ సంప్రదాయానికి కీర్తి తెచ్చిందే అచ్చు పుస్తకం. ఆ పుస్తకాన్ని వదులుకుంటేనే ఇక్కడ రాయితీ. ఢిల్లీలో కూర్చుని చూస్తే ఇది సబబే, అచ్చు ఖర్చు, పోస్టు ఖర్చు మిగులుతాయి. గుడివాకలంకలో కూర్చుని చూస్తే లెక్క మారుతుంది. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ నాన్నతో చెరువు మీదికి వెళ్తే రాత్రి తొమ్మిది తర్వాతే పీడీఎఫ్ తెరుచుకునేది. పుస్తకమైతే గట్టు మీద కూడా తెరుచుకుంటుంది. పైగా పరీక్ష అయ్యాక ఆ పుస్తకం చెల్లెలికి పనికొస్తుంది, సగం ధరకు అమ్ముడుపోతుంది. ఇంట్లో సొంత ల్యాప్‌టాప్ ఉన్నవాడికి ఈ 15 శాతం నిజమైన తగ్గింపు. లేనివాడు అచ్చు పుస్తకాలే తెప్పించుకోవడం మంచిదని నా అభిప్రాయం. లేదంటే జిరాక్స్ షాపులో ఆ 15 శాతమూ ఖర్చవుతుంది.

ఇప్పుడు ఒకేసారి కట్టే తగ్గింపు దగ్గరికి వద్దాం. ఒక ఉదాహరణ అనుకుందాం. సెమిస్టరు ఫీజు 20,000 రూపాయలు, ఆరు సెమిస్టర్లకు 1,20,000. మొత్తం ముందే కడితే 15 శాతం తగ్గించి 1,02,000 అంటారు. మిగిలేది 18,000. నెల జీతంలో దాచుకున్న డబ్బున్నవాళ్లు, డిగ్రీ ఖచ్చితంగా పూర్తి చేస్తామన్న నమ్మకం ఉన్నవాళ్లు ఇది తీసుకోవచ్చు. కానీ మన ఊళ్లలో ఆ లక్ష ఎక్కడి నుంచి వస్తుంది? నూటికి రెండు రూపాయల వడ్డీకి వస్తుంది. సెమిస్టరు ఫీజు మాత్రమే కట్టేవాడు మొదట 20,000 తెస్తే, మొత్తం కట్టేవాడు అదనంగా 82,000 తేవాలి. దాని మీద నెలకు 1,640 వడ్డీ, ఆరు నెలలకు 9,840. రెండో సెమిస్టరు వచ్చేసరికి అదనపు అప్పు 62,000, దాని మీద మరో ఆరు నెలలకు 7,440. ఏడాది తిరిగేసరికి 17,280 వడ్డీకే పోయింది. మూడో సెమిస్టరు సగానికి రాకముందే 18,000 తగ్గింపు హరించుకుపోతుంది. చదువు ఇంకా సగం పైగా మిగిలే ఉంటుంది.

ఇదంతా చదువు సాఫీగా సాగితేనే. రెండో సెమిస్టరు తర్వాత ఆగిపోయాడనుకోండి. సెమిస్టరు లెక్కన కట్టినవాడి చేతి నుంచి పోయింది 40,000, మొత్తం కట్టినవాడిది 1,02,000. ఎందుకు ఆగిపోతారంటే కొల్లేటి దేశంలో కారణాలు వెతకక్కర్లేదు. ఒక రాత్రి నీళ్లలో ఆక్సిజన్ పడిపోయి చెరువులో చేపలన్నీ తేలిపోతే ఆ ఇంట్లో మూడేళ్ల ప్రణాళికలన్నీ ఒక్క పొద్దులో మారతాయి. గూడెం ఉల్లి మార్కెట్లో ధర బాగానే పలికి తూకం దగ్గర తరుగు తీసినట్టు, చేరే రోజు ఇచ్చిన తగ్గింపును మధ్యలో ఆగిన రోజు రెండింతలు మూడింతలు చేసి తీసుకుంటారు.

పాత పద్ధతిలో ఈ ప్రమాదం తక్కువ. ఏడాదికేడాది రీ-రిజిస్ట్రేషన్ చేసుకుని ఆ ఏటి ఫీజు కట్టేవాళ్లు. ఆగితే ఆ ఏడాది డబ్బు దగ్గరే నష్టం ఆగేది. మూడేళ్ల డిగ్రీని ఆరేళ్ల దాకా సాగదీసుకునే వీలు ఇగ్నోలో ఉండేది. ఆ నిదానమే చాలామంది ఆడవాళ్లకు డిగ్రీ ఇచ్చింది. ఒక కాన్పు, ఒక అత్తగారి జబ్బు, ఒక ఇంటి కట్టుబడి అయ్యాక మళ్లీ పరీక్షకు కట్టి పాసైనవాళ్లు మన ఇళ్లలోనే ఉన్నారు. ఆ ఓపికకు సమానమైనది ఆన్‌లైన్లో ఉందంటే అది క్రెడిట్ లెక్కన కట్టే పద్ధతే. రెండింటిలోనూ చదివినంతకే డబ్బు.

వాయిదాల సంగతి. వడ్డీ లేని ఈఎంఐ అని రాసిన చోట ఆగి చూడాలి. సున్నా శాతం వడ్డీ అనేది ఉండదని, వడ్డీని ఇంకో రూపంలో కలిపేస్తారని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు చెప్పింది. ఒకేసారి కట్టేవాళ్లకు ఇచ్చే తగ్గింపు ఈఎంఐ తీసుకున్నవాళ్లకు ఇవ్వకపోతే పోయిన ఆ తగ్గింపే వడ్డీ. యాప్ ద్వారా అప్పిచ్చేవాళ్లు ఏడాదికి పడే మొత్తం ఖర్చును శాతంలో చూపే కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ ఇచ్చి తీరాలని 2022లో నిబంధన వచ్చింది. అప్పు వద్దనుకుంటే మొదటి కొన్ని రోజుల్లో అసలూ ఆ రోజుల వడ్డీ కట్టి బయటపడే వీలు కూడా అందులో ఉంది. ఇంకొక విషయం మరిచిపోకూడదు. మధ్యలో చదువు మానినా ఆ అప్పు మానదు, ఎందుకంటే అప్పిచ్చింది విశ్వవిద్యాలయం కాదు, ఫైనాన్స్ కంపెనీ.

రసీదును కూడా ఒకసారి పరీక్షగా చదవాలి. చట్టం గుర్తించిన డిగ్రీకి విశ్వవిద్యాలయం చెప్పే చదువు మీద జీఎస్టీ లేదు. విడిగా అమ్మే కోచింగ్, ఉద్యోగ శిక్షణ మీద 18 శాతం ఉంటుంది. రసీదులో జీఎస్టీ గీత కనిపించిందంటే మీరిచ్చిన డబ్బులో కొంత డిగ్రీ ఫీజు కాదన్నమాట. అదేమిటో అడిగి, అక్కర్లేకపోతే తీసేయించుకోవచ్చు. అలాగే డబ్బు విశ్వవిద్యాలయం ఖాతాకే వెళ్లాలి. కంపెనీలు తమ పేరుతో డిగ్రీ కోర్సులు నడపడానికి, వర్సిటీలు వాటికి ఫ్రాంచైజీ ఇవ్వడానికి వీల్లేదని యూజీసీ 2022 జనవరిలో హెచ్చరించింది. 2024-25 నుంచి దూరవిద్యలో, ఆన్‌లైన్లో చేరేవాళ్లు యూజీసీ పోర్టల్లో దూరవిద్య బ్యూరో ఇచ్చే డీఈబీ ఐడీ తీసుకోవాలి. ఆ వర్సిటీకి ఆ కోర్సుకు అనుమతి ఉందో లేదో కూడా అక్కడే చూసుకోవచ్చు. ఫీజు కట్టకముందే చేయాల్సిన పని ఇది.

వాపసు విషయంలో యూజీసీ 2018లో మెట్లు కట్టింది. ప్రవేశాల చివరి తేదీకి 15 రోజులు లేదా అంతకంటే ముందు మానుకుంటే ప్రాసెసింగ్ రుసుము మినహా మొత్తం, ఆ తర్వాత చివరి తేదీ లోపు 90 శాతం, చివరి తేదీ దాటిన 15 రోజుల్లోపు 80, నెలలోపు 50, ఆపైన సున్నా. ఒరిజినల్ సర్టిఫికెట్లు అట్టిపెట్టుకోకూడదని కూడా అందులోనే ఉంది. మీరు చేరబోయే ఆన్‌లైన్ కోర్సు ప్రాస్పెక్టస్‌లో ఈ మెట్లు ఇలాగే రాసి ఉన్నాయో లేదో చూడండి.

ఇక్కడ రెండు సంప్రదాయాలూ ఒకచోట కలుస్తాయి. అది బాధాకరమైన చోటు. మన రాష్ట్రంలో పేదింటి చదువును మోసింది ఫీజు రీయింబర్స్‌మెంట్. కుటుంబ ఆదాయం రెండున్నర లక్షల లోపుంటే ట్యూషన్ ఫీజు ప్రభుత్వానిది. 2019లో విద్యా దీవెనగా పేరు మారినప్పుడు ఇచ్చిన ఉత్తర్వులోనూ దూరవిద్యలో, కరెస్పాండెన్స్‌లో చదివేవాళ్లకు ఇది వర్తించదనే ఉంది. కాలేజీలో 75 శాతం హాజరు అడిగే ఆ పథకం ఆన్‌లైన్ విద్యార్థిని కూడా గుమ్మం బయటే ఉంచుతుంది. అంటే ఏలూరు సీఆర్ఆర్ కాలేజీలో చదివే అక్కకు ప్రభుత్వం కడుతుంది, అదే ఇంట్లో ఉంటూ ఇంటి నుంచి చదివే చెల్లెలు అదే బీఏకు తన డబ్బు తానే కట్టుకోవాలి. ఆదాయం ఒకటే, రైస్ కార్డు ఒకటే. కాలేజీకి వెళ్లగలిగినవాళ్లకు సాయం, వెళ్లలేనివాళ్లకు లేదు. ఇది నాకు ఎప్పటికీ మింగుడుపడని సంగతి.

చివరి సంవత్సరం ఖర్చు ఇంకో కలయిక. రెండు పట్టికల్లోనూ ఇది కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఇగ్నోలో ఈమధ్య సెషన్లలో థియరీ పేపరుకు పరీక్ష ఫీజు 200 రూపాయలు. గడువు దాటితే ఆలస్య రుసుము 1,100. ఐదు పేపర్లు రాసేవాడి పరీక్ష ఫీజు మొత్తం కంటే ఒక్క ఆలస్యానికి పడేది ఎక్కువ! ఆన్‌లైన్లో పేర్లు మారతాయి గానీ వరుస మారదు: తప్పిన పేపరు మళ్లీ రాయడానికి ఫీజు, ప్రాజెక్టు మళ్లీ ఇవ్వడానికి ఫీజు, ప్రొవిజనల్, కన్సాలిడేటెడ్ మెమో, మైగ్రేషన్, కాన్వొకేషన్. చేరేటప్పుడు చూపిన మొత్తం ఫీజులో ఇవి సాధారణంగా కలవవు. ప్రవేశం రోజునే ఈ జాబితా అడిగి ఒక కాగితం మీద రాసుకున్నవాడు ఆఖరి సెమిస్టర్లో అప్పు వెతుక్కోడు.

తప్పిన పేపరంటే సరిగా చదవక తప్పిందే కానక్కర్లేదు. బుడమేరు, తమ్మిలేరు పొంగి కొల్లేటి నీళ్లు ఏలూరు-కైకలూరు రోడ్డు మీదికి ఎక్కినప్పుడు పరీక్షకు వెళ్లే దారే ఉండదు. మళ్లీ రాయాలి, మళ్లీ కట్టాలి. ఇంటి నుంచి రాయనిచ్చే ఆన్‌లైన్ పరీక్ష ఈ కష్టాన్ని తీరుస్తుంది, కానీ కరెంటు పోయినా సిగ్నల్ పడిపోయినా ఆ పరీక్షా ఆగుతుంది. కేంద్రానికి వెళ్లే పరీక్షకు రోడ్డు కావాలి, ఇంటి పరీక్షకు తీగ కావాలి. వరద రోజుల్లో లంకల్లో రెండూ నమ్మకం కాదు. పరీక్షా కేంద్రం ఎంచుకునేటప్పుడు ఏలూరులో చుట్టాలుంటే ఏలూరే పెట్టుకుని ముందురోజే చేరడం లంక ఊళ్లవాళ్లకు తెలిసిన పద్ధతి.

ఖర్చు తగ్గించుకునే దారి ఒకటి రెండు సంప్రదాయాలకూ ఉమ్మడిగా ఉంది, వాడుకునేవాళ్లే తక్కువ. స్వయంలో పాఠం ఉచితం, సర్టిఫికెట్ కావాలంటే పరీక్షకు కట్టాలి. అందులో ఐఐటీల కోర్సులిచ్చే ఎన్‌పీటీఈఎల్ పరీక్షకు కోర్సుకు 1,000 రూపాయలు, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు అందులో సగం. ఒక సెమిస్టరు కోర్సుల్లో 40 శాతం దాకా స్వయం నుంచి తెచ్చుకున్న క్రెడిట్లను విశ్వవిద్యాలయాలు ఒప్పుకోవచ్చని 2021లో యూజీసీ అనుమతించింది. ఆ క్రెడిట్లు దాచుకోవడానికి అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఉంది. ఏ కోర్సుకు ఏ స్వయం కోర్సు సరిపోతుందో తన వర్సిటీ నుంచి రాతపూర్వకంగా తెప్పించుకుని ఆ తర్వాతే కట్టాలి. సగంలో ఆపినవాళ్లు పాత మెమోలను పారేయకుండా, వాటి క్రెడిట్లు కలుస్తాయేమో అడగడం ఇందులో భాగమే. రెండు పేపర్లకు మినహాయింపు దొరికినా ఏ ఆఫరూ ఇవ్వనంత తగ్గింపు అది.

బయటి దేశాల్లో రెండు నమూనాలు ఈ పోలికకు పనికొస్తాయి. అమెరికాలో 1997లో మొదలైన వెస్టర్న్ గవర్నర్స్ యూనివర్సిటీ ఆరు నెలల టర్ముకు ఒకే ఫీజు తీసుకుంటుంది. ఆ ఆరు నెలల్లో ఎన్ని కోర్సులు పూర్తి చేసినా అదే. త్వరగా ముగించినవాడికి తక్కువ పడుతుంది. 2009లో మొదలైన యూనివర్సిటీ ఆఫ్ ది పీపుల్ బోధనకు ఏమీ తీసుకోదు, కోర్సు చివర మూల్యాంకనానికి మాత్రం తీసుకుంటుంది. ఈ రెండోది వినగానే మన పాత ప్రైవేటు పరీక్షలు గుర్తొస్తాయి, ఇంట్లో చదువుకుని పరీక్షకు కట్టడం. మొదటిది ఉద్యోగం చేస్తూ రాత్రిళ్లు గట్టిగా చదవగలిగే మనిషికి మంచిది, రెండోది నెమ్మదిగా నడిచేవాడికి. రెండూ డబ్బును చేరడానికి కాకుండా పూర్తి చేయడానికి ముడిపెట్టాయి. మన రెండు పట్టికల్లోనూ లేనిది అదే.

గడువుల మాట చెప్పి ముగిస్తాను. ఈ ప్రాంతంలో చేతిలో డబ్బు ఆడే నెలలు తెలిసినవే. సార్వా కోతలు నవంబరు, డిసెంబరు, ఆ ధాన్యం డబ్బు సంక్రాంతికి చేతికొస్తుంది. దాళ్వా కోత ఏప్రిల్, దాని డబ్బు మే. జూలై, ఆగస్టుల్లో దుక్కి, నాట్లు, ఎరువు, పిల్లల స్కూలు ఫీజులు అన్నీ ఒక్కసారే మీద పడతాయి. దూరవిద్యలో జూలై సెషన్‌లో చేరాలా, జనవరి సెషన్‌లో చేరాలా అని అడిగేవాళ్లకు నేను జనవరే చెబుతాను. అలాగే ఆన్‌లైన్లో టర్ము ఎంచుకునే వీలుంటే జనవరి, మే టర్ముల్లో ఎక్కువ కోర్సులు తీసుకుని, సెప్టెంబరులో ఒక్కటి తీసుకోవడమో ఆపుకోవడమో మేలు. చెరువుల వాళ్లకు పట్టుబడి తేదీని బట్టి ఈ లెక్క మారుతుంది.

డబ్బు చేతికొచ్చే నెలలకు సరిపోయే గడువులు ఇప్పటికే ఉన్నాయి: జనవరి సెషన్ ఇగ్నోలో ఉంది, మే టర్ము ఐఐటీ మద్రాసులో ఉంది. లేనిది పూర్తి చేసినవాడికి మేలు చేసే నియమమే. సగం పూర్తయ్యాక మిగతా సగానికి ఫీజు తగ్గించే నియమం, ఆఖరి సెమిస్టరు పాసైనవాడికి ఆ సెమిస్టరు ఫీజులో కొంత వెనక్కిచ్చే నియమం ఇంకా రావాలి. ఏలూరు, పశ్చిమ గోదావరి జిల్లాల్లో ఆగిపోయిన డిగ్రీలకు ప్రభుత్వం ఏదైనా చేయాలనుకుంటే, రీయింబర్స్‌మెంట్‌లో దూరవిద్య, ఆన్‌లైన్ విద్యార్థుల ఆఖరి ఏడాది పరీక్ష ఫీజులను చేర్చడంతో మొదలుపెట్టవచ్చు. పేపరుకు 200 రూపాయల లెక్కన అది ఖజానాకు బరువయ్యే పద్దు కాదు.